పిండిమర పక్క జాగాలో యథాతథ స్థితి

దమయంతి పిండిమరకీ, ఆనందరావు ఫోటో స్టూడియోకీ మధ్య ఎనిమిది సెంట్ల ఖాళీ జాగా ఉంది. అది మున్సిపాలిటీది. ఎప్పుడో నీళ్ల ట్యాంకు కడదామని అట్టేపెట్టారు. తర్వాత ట్యాంకు ఇంకో వార్డుకి వెళ్లిపోయింది, జాగా ఇక్కడ మిగిలిపోయింది. పందొమ్మిదేళ్లుగా పిండి ఆడించుకునేవాళ్లూ ఫోటో దిగేవాళ్లూ బళ్లు అక్కడే పెట్టుకుంటున్నారు. ఎవరు ఎక్కడ పెట్టాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అడ్డమొస్తే, "ఎవరిదండీ ఈ బండీ?" అని ఒక కేక వేసేవారు. ఎవరిదో వాళ్లొచ్చి తీసేవారు. ఆ జాగాలో ఉన్న పరిపాలన మొత్తం ఆ ఒక్క కేకే.

దమయంతికి నలభై ఆరేళ్లు. అత్తగారు పోయినప్పటినుంచీ మిల్లు తనే నడుపుతోంది. మొగుడు ఆర్టీసీలో డ్రైవరు కాబట్టి, అయితే బస్సులో ఉంటాడు, లేకపోతే మంచంమీద నిద్రలో ఉంటాడు. పొద్దున్న ఎనిమిదింటికి మిల్లు తీసేసరికి ఆమె కనుబొమలు నల్లగా ఉండేవి, పది దాటేసరికి పిండి దుమ్ముకి తెల్లబడిపోయేవి. అవతల ఆనందరావుకి యాభై దాటాయి. ఫోటోకి వచ్చినవాళ్లకి తన దువ్వెనతోనే తల దువ్వి, కాలరు సర్ది, "కొంచెం నవ్వండి, అంత వద్దు" అనేవాడు. ఆమెని చెల్లమ్మా అనేవాడు. ఆమె అన్నయ్యా అనేది.

ఒక మంగళవారం నాడు తొమ్మిది బస్తాల ఎండుమిరపకాయలతో ఒక ట్రాలీ ఆటో వచ్చి, జాగాలోకి వెళ్లే దారికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు టీకి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే, పెళ్లిసంబంధాలకి పంపడానికి అమ్మాయికి ఫోటో తీయిద్దామని ఒక కుటుంబం కారులో వచ్చింది. లోపలికి దారి లేదు. మిల్లులో మొదటి బస్తా ఆడుతోంది. కారు అద్దం దించేసరికి అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. అమ్మాయి రెండు గంటలు కూర్చుని చేసుకున్న ముస్తాబంతా కన్నీళ్లలో కారిపోయింది. వాళ్లు కారు వెనక్కి తిప్పుకుని బజారులో కొత్తగా పెట్టిన స్టూడియోకి వెళ్లిపోయారు.

ఆనందరావు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని మిల్లు గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఏమండీ దమయంతి గారూ!" అన్నాడు.

ఆ "గారు" వినగానే ఆమెకి ఒళ్లు మండింది. "ఏటండీ ఆనందరావు గారూ?"

"ఈ జాగా మీ మిరపకాయలకి రాసిచ్చేసేరా ఏటండీ ఎవరైనా?"

"మీ కెమెరాకి రాసిచ్చేరేటి? మొన్న మీ పెళ్లి బృందం నాలుగు బళ్లు పెడితే, నా దగ్గరకొచ్చినోళ్లు బస్తాలు నెత్తిన పెట్టుకుని రోడ్డుమీంచి మోసుకొచ్చేరు. నేనేటైనా అన్నానా?"

"ఇప్పుడంటున్నారు కదా!"

"మీరన్నారు కాబట్టి అంటన్నాను!"

ఇలాంటివి మామూలుగా సాయంత్రానికి చల్లారిపోతాయి. ఆ రోజు ఇద్దరికీ కోపంతోపాటు తీరిక కూడా కుదిరింది. మధ్యాహ్నం ఆనందరావు మున్సిపల్ కమిషనరుకి ఒక ఫిర్యాదు రాశాడు. అది తెలిసి, మూడున్నరకి దమయంతి ఇంకోటి రాసింది. ఆఫీసులో రెండు కాగితాల్నీ కలిపి ఒకే గుండుసూదితో గుచ్చారు.

సరిగ్గా ఆ వారమే కమిషనరు గారు "సామరస్య పట్టణ నిర్వహణ" మీద మూడు రోజుల శిక్షణకి వెళ్లి, శాలువా కప్పించుకుని వచ్చారు. ఊళ్లో సామరస్యం లేనిచోటు ఎక్కడైనా దొరుకుతుందా అని చూస్తున్నారు. గుండుసూది గుచ్చిన ఫిర్యాదులు బల్లమీదికి వచ్చాయి. బుధవారం సాయంత్రానికి "వాహన నిలుపుదల సామరస్య విభాగం" పుట్టింది. గురువారం పొద్దున్న పదింటికి దానికి ప్రత్యేకాధికారి చక్రపాణి గారు జీపు దిగారు.

చక్రపాణి గారు బక్కపలచటి మనిషి. చొక్కా ఇస్త్రీ మడతలు సాయంత్రం దాకా నలిగేవి కావు. ఎవరి దగ్గరా టీ కూడా పుచ్చుకునేవారు కాదు. ఏ నిబంధననైనా చివరి అక్షరం దాకా అమలు చేసేవారు. అందుకే ఆయన పనిచేసిన ప్రతి విభాగమూ ఆయన్ని మెచ్చుకుని వేరే విభాగానికి పంపించేసింది. ఆయన జాగా మధ్యలో నిలబడి కాగితం తీసి చదివారు.

"ఉభయపక్షముల ఫిర్యాదుల దృష్ట్యా, తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు, ఈ స్థలమునందు యథాతథ స్థితి కొనసాగవలెను."

"అంటే ఏటండీ?" అంది దమయంతి.

"ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

"ఉన్నట్టే ఉంది కదండీ!"

"ఉన్నట్టే ఉంచాలి. లోపలున్న వాహనం బయటికి పోరాదు. బయటున్న వాహనం లోపలికి రారాదు."

ఆ క్షణాన జాగాలో ఏడు వాహనాలున్నాయి. ఆనందరావు స్కూటరు ఒకటి. కారం బస్తాలు తీసుకెళ్లడానికి వచ్చిన ట్రాలీ ఆటో ఒకటి. రెండు మోపెడ్లు, పెరుగమ్మేవాడి సైకిలు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ఒక కాలేజీ లెక్చరరు తెచ్చిన మోటారుసైకిలు. ఏడోది, ఫోటో దిగడానికి వచ్చిన మూడేళ్ల పాప తొక్కుకొచ్చిన మూడుచక్రాల సైకిలు. దాని హ్యాండిలుకి గంట ఉంది, కాబట్టి వాహనమే అని చక్రపాణి గారు తేల్చారు.

లెక్చరరు చేతులు జోడించాడు. "సార్, ఇది నా బండి కాదండి. మా బావమరిదిది. పావుగంటలో తెచ్చేస్తానని చెప్పి తీసుకొచ్చేను."

"వివాదాస్పద స్థలమునందున్న వాహనాల బంధుత్వాలు మా విభాగ పరిధిలోకి రావు."

పాప ఏడ్చింది. ఆ ఏడుపుని ఆయన "అభ్యంతరము"గా నమోదు చేసుకున్నారు.

మర్నాటి నుంచి కొలతలు మొదలయ్యాయి. ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని అటూ ఇటూ తిరిగి, తెల్ల సున్నంతో పదకొండు గళ్లు గీశారు. ఏడింటిలో యథాతథ స్థితి వాహనాలున్నాయి. ఎనిమిదో గడి విభాగం జీపుకి ఇచ్చారు. తొమ్మిదోదాంట్లో విభాగం కార్యాలయంగా రేకుల గది వేశారు. పదోదాంట్లో "ఆదర్శ సామరస్య వాహన నిలుపుదల కేంద్రం" అని పెద్ద బోర్డు పాతారు. పదకొండోది "ఆకస్మిక వివాదముల నిమిత్తము" ఖాళీగా ఉంచారు. మొత్తానికి అందరికీ సమానంగా న్యాయం జరిగింది. కొత్తగా బండి పెట్టుకోవడానికి ఎవరికీ చోటు లేదు.

"బళ్లు లేకపోతే నడిచొస్తారులే," అంది దమయంతి తనలో తను. జనం నిజంగానే నడిచి రావడం మొదలుపెట్టారు. రెండు రోజులు చూసి చక్రపాణి గారు ఆలోచనలో పడ్డారు. మొన్నటిదాకా బళ్లమీద వచ్చినవాళ్లు ఇవాళ నడిచి వస్తున్నారంటే, ఆ బళ్లు ఎక్కడో ఉండి ఉండాలి. ఎక్కడో ఉన్నాయంటే, అక్రమంగా ఉన్నాయి. మూడోరోజు ఉత్తర్వు వచ్చింది: కాలినడకన వచ్చువారు తమ వాహనమును వేరొకచోట నిలిపి వచ్చినట్లుగా భావించబడును. అట్లు కానిచో, "వాహనరహిత ధ్రువీకరణ పత్రము" సమర్పించవలెను.

వెనకవీధి సింహాచలమ్మ చేటలో చోళ్లు, అదే రాగులు, పట్టుకుని వచ్చింది. ఆమెకి డెబ్బై రెండేళ్లు. చక్రపాణి గారు ఆమెని బయటే ఆపి పత్రం అడిగారు.

"బాబూ, నేనే బండి నడుపుతానయ్యా? బండెక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి."

"నడపడం రాదని కాదమ్మా, లేదని నిరూపించాలి. ఈ పత్రం నింపి, ఒక ఫోటో అంటించండి."

ఆనందరావు తన గుమ్మంలోంచి ఆ మాట విని కాస్త హుషారుగా ముందుకొచ్చాడు. "ఫోటో నేను తీస్తానండి. రామ్మా లోపలికి."

"ఆగండి," అన్నారు చక్రపాణి గారు. "మీ స్టూడియోలోకి రావాలంటే పత్రం చూపించాలి."

"పత్రానికి ఫోటో కావాలన్నారు కదండీ?"

"కావాలి."

"ఫోటోకి స్టూడియోలోకి రావాలి కదండీ?"

"రావాలి. పత్రంతో రావాలి."

సింహాచలమ్మ ఇద్దరి మొహాలూ చూసి, చేట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఇంట్లో రోట్లో దంచుకుంటానంది.

నెల తిరిగేసరికి మిల్లు మూగబోయింది. పొద్దున్న నల్లగా ఉన్న దమయంతి కనుబొమలు సాయంత్రం దాకా నల్లగానే ఉండేవి. అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్తమనిషిలా అనిపించేది. మర మోత లేకపోతే పక్క స్టూడియోలో గోడగడియారం చప్పుడు వినిపిస్తుందని పందొమ్మిదేళ్లలో మొదటిసారి తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆనందరావు రెండు గ్లాసుల టీతో వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"చల్లారిపోతోంది చెల్లమ్మా," అన్నాడు.

"టీయా, మిల్లా?"

"రెండూను."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది, దాన్ని టీతో కలిపి మింగేసింది. గ్లాసులు పక్కన పెట్టి, ఇద్దరూ ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటామని రేకులగదికి వెళ్లారు.

చక్రపాణి గారు కంగారుపడి లేచి నిలబడ్డారు. "మీరిద్దరూ మాట్లాడుకున్నారా? విభాగం అనుమతి లేకుండా?"

"పక్కపక్కనున్నవాళ్లం కదండీ," అన్నాడు ఆనందరావు.

"ఇది అనధికార రాజీ. పద్నాలుగో నిబంధన ప్రకారం నేరం. రాజీ పడదలచినవారు ముందుగా వివాద తీవ్రతా పత్రం, తర్వాత ఉపశమన దరఖాస్తు..." ఆయన ఆగిపోయారు. కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి గొంతు తగ్గించి, మామూలు మనిషిలా మాట్లాడారు. "చూడండమ్మా. వివాదం లేదంటే విభాగం వెంటనే రద్దు కాదు. వివాదం ఎందుకు లేదో విచారించడానికి ఇక్కడే ఇంకో ఏడాది ఉంటుంది. శుక్రవారం ప్రాంతీయ ఉపసంచాలకులు తనిఖీకి వస్తున్నారు. వివాదం సజీవంగా ఉందని ఆయన నమ్మితే, మాకు జిల్లాకేంద్రంలో సొంత భవనం ఇస్తారు. నేను వెళ్లిపోతాను. మీ జాగా మీకుంటుంది."

"అంటే ఉత్తుత్తినే తగువాడమంటారా?" అంది దమయంతి.

"ఛ! అబద్ధం నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పించను. మీరు రాసిన ఫిర్యాదులున్నాయి కదా. అవి పైకి చదవండి. చాలు."

శుక్రవారం పదకొండింటికి ఉపసంచాలకులు సదాశివయ్య గారు తెల్లకారులో వచ్చారు. భారీ మనిషి. మెళ్లో దండ పడేదాకా కారు దిగలేదు. డ్రైవరు ఖాళీగా కనిపించిన గడి చూసి కారు పెట్టేశాడు. అది పదకొండో గడి. కారు పొడుగెక్కువ, వెనకభాగం దారికి అడ్డంగా నిలిచింది. చక్రపాణి గారి మొహం పాలిపోయింది గానీ, తనిఖీ మొదలైపోయింది కాబట్టి ఊరుకున్నారు.

కుర్చీలు వేశారు. బళ్లు లోపల చిక్కుకుపోయినవాళ్లతో సహా వీధి జనమంతా చుట్టూ మూగారు. ముందు ఆనందరావు ఫిర్యాదుని దమయంతి చేతికిచ్చారు, ఆమె ఫిర్యాదుని ఆయన చేతికిచ్చారు. ఎవరి కాగితం వాళ్లు చదువుకోవడం కాదు, ఎదుటివాళ్లది చదవాలట. అప్పుడే రెండు పక్షాలకీ వివాదం తెలిసినట్టు లెక్క. ఇద్దరూ అంతకుముందు అవతలి కాగితం చూడలేదు.

దమయంతి మొదటి వాక్యం బాగానే చదివింది. రెండోదాంట్లో ఆగిపోయింది. "'మా పక్కన పిండిమర నడుపుకునే ఒక ఆడమనిషి...'" తలెత్తింది. "ఒక ఆడమనిషా? నా పేరు తెలీదా నీకు?"

"అది... ఆఫీసు కాగితం కదా అని..."

"మా అత్తగారు పోయిన రోజు పన్నెండు మందికి కాఫీలు తెచ్చి ఇచ్చినవాడివి. నా పేరు రాయడానికి చెయ్యి రాలేదూ?"

ఆనందరావు తన చేతిలో కాగితం చూశాడు. ఆయన మొహం కూడా మారింది. "మరి నువ్వేం రాసేవు? 'కెమెరా పెట్టుకుని ఊరికే కూర్చునే ఒకాయన.' ఊరికే కూర్చుంటానా నేను? మీ మావగారి ఫోటో, పటం కట్టి ఇంట్లో పెట్టుకున్నారే, అది ఎవరు తీసేరు? ఆయన నవ్విన ఫోటో ప్రపంచం మొత్తం మీద అదొక్కటే ఉందని నువ్వే అన్నావు!"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ నువ్వు గారు పెట్టి పిలిచేవు!"

"నువ్వూ పెట్టేవు!"

ఇద్దరి కళ్లలోనూ నీళ్లు నిండాయి. ఆ రోజు మిల్లులో మిరపకాయలు ఆడడం లేదు. సదాశివయ్య గారు మాత్రం పరవశించిపోయి చేత్తో కుర్చీని చరిచారు.

"అద్భుతం! ఇంత లోతైన వివాదం నా సర్వీసులో చూడలేదు. వేర్లున్న వివాదం! దీన్ని రాష్ట్రస్థాయి నమూనాగా సిఫార్సు చేస్తున్నాను." దండ సర్దుకుని కారువైపు నడిచారు.

చక్రపాణి గారు వెళ్లి కారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"క్షమించాలి. లోపలున్న వాహనం బయటికి పోరాదు."

"ఏమిటయ్యా నువ్వనేది?"

"యథాతథ స్థితి సార్. పైగా పదకొండో గడి ఆకస్మిక వివాదాలకి మాత్రమే."

"అయితే ఇదే ఆకస్మిక వివాదం అనుకో!"

"అలాగే నమోదు చేస్తాను సార్. తమరు ఒక పక్షం. పాదచారిగా బయటికి వెళ్లాలంటే వాహనరహిత పత్రం..." ఆయన కారువైపు చూశారు. "కానీ తమకి వాహనం ఉన్నట్టు ఇక్కడే కనిపిస్తోంది."

సదాశివయ్య గారి మెడ దండకంటే ఎర్రబడింది. అక్కడికక్కడే ఒక కాగితం అడిగి, ఎనిమిదో గడిలో ఉన్న విభాగం జీపుని కూడా యథాతథ స్థితిలో ఉంచుతున్నట్టు ఉత్తర్వు రాసి సంతకం పెట్టారు. ఇప్పుడు ఇద్దరు అధికారులూ చెరొక పక్షం అయ్యారు. తీర్పు చెప్పవలసినవాళ్లూ ఆ ఇద్దరే.

సరిగ్గా అప్పుడు సందు మొదట్లో హారను మోగింది. ఒక ట్రాలీ ఆటోలో, తడిగుడ్డలు కప్పిన మూడు గంగాళాలు పట్టుకుని సింహాచలమ్మ వస్తోంది. మనవరాలి పెళ్లి ఆదివారం. సారెకి అరిసెలు వండాలి. తడిబియ్యం నీళ్లోడ్చి, మరకి తెచ్చింది. అంత బియ్యం రోట్లో దంచుకునేది కాదు. కారు వెనకభాగం అడ్డం. ఆటో లోపలికి రాలేకపోయింది.

"దమయంతీ! పన్నెండు దాటితే ఈ బియ్యం పనికిరావే!" అని కేకేసింది ముసలావిడ.

చక్రపాణి గారు నిబంధనల పుస్తకం తిరగేస్తున్నారు. ఆ పుస్తకం ఆయనే రాశారు కాబట్టి, కావలసిన పేజీ తొందరగానే దొరికింది. "ముప్పై ఒకటో నిబంధన. అధికారులే వివాదపక్షములైనచో, ఆ స్థలముతో పరిచయము కలిగి, అందు ఏ వాహనమును లేని తటస్థ వ్యక్తి తీర్పు చెప్పవలెను. ఆ తీర్పు అంతిమము." తలెత్తి చుట్టూ చూశారు. ఆనందరావు స్కూటరు రెండో గడిలో ఉంది, ఆయన పనికిరాడు. లెక్చరరు పనికిరాడు. పెరుగువాడు పనికిరాడు. ఆటోతో వచ్చింది కాబట్టి సింహాచలమ్మ పనికిరాదు. ఆఖరికి పాప కూడా పనికిరాదు. పుట్టినప్పటినుంచీ సొంత బండంటూ లేనిది ఆ జాగాలో దమయంతి ఒక్కతే.

సీలూ, పుస్తకమూ తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. సీలు బరువుగా ఉంది. ఊరి మధ్యలో ఇద్దరు ఆఫీసర్లు తనవైపు చూస్తూ నిలబడి ఉండడం ఆమెకి ఒక క్షణం బాగానే ఉంది. ఏదైనా రాయొచ్చు. ఏ గడైనా ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఆనందరావు తల దించుకుని, చేతిలో ఫిర్యాదు కాగితాన్ని చిన్నచిన్న మడతలు పెడుతున్నాడు.

దమయంతి సీలు కుర్చీలో పెట్టేసింది.

"అన్నయ్యా, నీ స్కూటరు తియ్యి," అంది.

ఆనందరావు గబగబా వెళ్లి స్కూటరు తీశాడు. నెల్రోజుల తర్వాత కదిలిన దాని కిందనుంచి రెండు కప్పలు గెంతాయి.

"మీరూ మీరూ ఎవరి బండి వాళ్లు తీసుకుని వెళ్లండి. సార్, ముందు తమ కారు తీయించండి, ఆటో రావాలి. పాపా, నీ సైకిలు తీసుకోమ్మా."

"తీర్పుకి కారణం నమోదు చెయ్యాలమ్మా," అన్నారు చక్రపాణి గారు కలం తీసి. "ఏ నిబంధన కింద?"

"నిబంధనేటండీ, అక్కడ బియ్యం పులిసిపోతన్నాయి!"

చక్రపాణి గారు ఒక్క క్షణం ఆలోచించి, శుభ్రమైన దస్తూరీతో రాశారు: తడిబియ్యము పులియు ప్రమాదము కలదు గనుక వివాదము ముగించడమైనది. సదాశివయ్య గారు దాన్ని రెండుసార్లు చదివారు. తప్పు పట్టడానికి అది ఏ నిబంధనకీ అందలేదు. కింద సంతకం పెట్టి, కారెక్కి వెళ్లిపోయారు. లెక్చరరు మోటారుసైకిలు పక్కన నిలబడి, బావమరిదికి ఏం చెప్పాలో పైకే వల్లెవేసుకుంటున్నాడు.

ఆటో లోపలికొచ్చింది. గంగాళాలు దించారు. దమయంతి మర వేసింది. జాగా గుయ్యిమని దద్దరిల్లింది. తొట్టిలో బియ్యం పోస్తూ ఆమె వెనక్కి తిరిగి చూస్తే, చక్రపాణి గారు రేకులగది తాళం వేసి, జీపు ఎక్కి తాళంచెవి తిప్పుతున్నారు. నెల్రోజులు నిలిచిపోయిన జీపు దగ్గుతోందే గానీ కదలడం లేదు. ఆయన దిగి చుట్టూ చూశారు. ఎవరినైనా సాయం అడగాలని ఉంది, ఏ దరఖాస్తు ద్వారా అడగాలో తెలియలేదు.

"అన్నయ్యా, పట్టు," అంది దమయంతి మిల్లులోంచి బయటికొచ్చి.

ఆమె, ఆనందరావు, లెక్చరరు, పెరుగువాడు కలిసి జీపుని తోశారు. పక్కన నిలబడి సింహాచలమ్మ "ఇంకొంచెం, ఇంకొంచెం" అంది. సందు దాటాక పల్లంలో జీపు ఒక్కసారి గర్జించి అందుకుంది. చక్రపాణి గారు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపారు గానీ జీపు ఆపలేదు. ఆపడానికి ఎన్ని కాగితాలు కావాలో ఆ ఊళ్లో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.